పులి జాడ, ఏనుగు బాట

హైదరాబాదు నగరమునకు దక్షిణముగా, శ్రీశైలమునకు పోవు పెద్దబాటపై కందుకూరు అను ఊరు కలదు. 2008వ సంవత్సరమున శంషాబాదులో విమానాశ్రయము వెలసిన నాటినుండి ఆ ప్రాంతమువారికి విమానముల మ్రోత కోడికూత వలె అలవాటైపోయినది. ఆ ఊరినుండి అదే బాటను పట్టి కడ్తాలు, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి దాటి సుమారు నూరు కిలోమీటర్లు పోయినచో మైదానము ముగిసి కొండ మొదలగును. కొండ నెక్కిన తోడనే మన్ననూరు వచ్చును. అచ్చట బాటకు అడ్డముగా ఒక గేటు కలదు. రాత్రి తొమ్మిది గంటలకు దానిని మూయుదురు. ఉదయము ఆరు గంటలకు తెరచెదరు. మల్లన్న దర్శనమునకు పోవు భక్తులైనను, సరకులు మోయు లారీలైనను ఆ వేళ అచ్చట ఆగవలసినదే. బాటను వేసినవారు మనుష్యులే. అయినను రాత్రి తొమ్మిది గంటలసేపు దానిని మృగములకు విడిచిపెట్టినారు.

గేటునకు ఆవల నున్నది అమ్రాబాదు పులుల అభయారణ్యము. నల్లమల అడవిలో కృష్ణానదికి ఉత్తరపు ఒడ్డున నున్న భాగమే ఇది. అడవి ప్రాచీనమైనది, పేర్లు మాత్రము పలుమార్లు మారినవి. నిజాము ప్రభువుల కాలమున ఇది వారి వేటస్థలము. మన్ననూరు దాటిన పిమ్మట వచ్చు ఫరహాబాదునకు ఆ పేరు ఆనాటిదే. ఆనందస్థానము అని దాని అర్థము. అది ఎవరి ఆనందమో ఆనాటి దుప్పులను అడిగినచో వేరొక సమాధానము వచ్చి యుండెడిది! 1978లో నదికి ఇరువైపుల నున్న నల్లమలను వన్యమృగ సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. 1983లో అది పులుల సంరక్షణ పథకమున చేరినది. నాగార్జునసాగర్–శ్రీశైలము పేరుతో 3,568 చదరపు కిలోమీటర్ల వైశాల్యము కలిగి, దేశమునందలి పులుల అభయారణ్యములలో కెల్ల పెద్దదిగా అది పేరొందెను. 2014లో రాష్ట్రము రెండైనపుడు అడవియు రెండైనది. ఉత్తరపు ఒడ్డు తెలంగాణకు వచ్చి అమ్రాబాదు పేరు దాల్చెను. దాని వైశాల్యము 2,611 చదరపు కిలోమీటర్లు. దక్షిణపు ఒడ్డు పాత పేరుతోనే ఆంధ్రప్రదేశమున నిలిచినది. కాగితముపై గీసిన ఈ గీతను పులులు ఎరుగవు. పులికి ఈత చక్కగా వచ్చును. కావున నది దానికి పొలిమేర కాజాలదు.

హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో తెరువబడినది. అచ్చట పులిని చూచిన బాలుడు, అడవికి పోయినచో పులి అంతకంటె బాగుగా కనబడునని తలచును. పెద్దలలోను అట్లు తలచువారు తక్కువ కాదు. ఉదయమున అడవిశాఖవారి బండి నెక్కి, మూడు గంటలు తిరిగి, పులి కానరాకపోవుటచే “ఇచ్చట పులియే లేదు” అని విసుగుకొనుచు మరలిపోవువారు పెక్కుమంది. వారొక చిన్న లెక్క వేసికొన్నచో ఆ విసుగు తగ్గెడిది. 2022వ సంవత్సరపు గణనలో తెలంగాణ రాష్ట్రమంతటను లెక్కకు వచ్చిన పులులు 21. అవి అన్నియు అమ్రాబాదులో లేవు; ఉన్నవనియే అనుకొన్నను ఒక్కొక్క పులికి 124 చదరపు కిలోమీటర్ల అడవి వచ్చును. అనగా పదునొకండు కిలోమీటర్ల పొడవును, అంతే వెడల్పును గల చెట్ల సముద్రమున ఒక్క పులి! అదియు, బండి చప్పుడును ఎంతో దూరమునుండియే వినగలిగినది. బోదగడ్డిలో పండుకొన్నచో పది అడుగుల దూరమునను కంటికి దొరకనిది.

పులి చారలు ఎండుగడ్డి నీడలతో కలిసిపోవును. అంత పచ్చని అడవిలో ఆ నారింజవన్నె ఎట్లు దాగునని సందేహము కలుగవచ్చును. మనుష్యుని కంటికి అది దాగదు. కాని పులి దాగవలసినది మనుష్యునినుండి కాదు, దుప్పినుండి. దుప్పి కంటికి ఎరుపునకును ఆకుపచ్చకును భేదము తెలియదు. మనకు నారింజవన్నెగా తోచునది దానికి ఆకువన్నె గానే తోచును.

పులి కనబడకున్నను పులి జాడ కనబడును. అడవిలో తిరుగ నేర్చినవారు మొదట చూచునది నేలనే. మెత్తని దుమ్ములో పులి అడుగు పడినచో నాలుగు వ్రేళ్ళ గుర్తులును, వెనుక ఒక పెద్ద మెత్త గుర్తును తెలియును. గోళ్ళ గుర్తులు కానరావు. కుక్క అడుగులో గోళ్ళు తెలియును. పులి నడచునపుడు గోళ్ళను లోనికి ముడుచుకొనును గదా! మగపులి అడుగు ఇంచుమించు చదరముగను, ఆడుపులి అడుగు కొంత కోలగను ఉండును. చిరుతపులి అడుగు ఆకారమున ఇట్టిదే, పరిమాణమున చిన్నది. అడుగు అంచులు పదునుగా నున్నవా, గాలికి విరిగినవా, దానిమీదుగా చీమలు నడచిన గుర్తు కలదా, మంచుచుక్క పడినదా అని పరిశీలించి, పులి ఎప్పుడు నడచినదో చెప్పగలవారు కలరు. చెట్టు బెరడుపై ఎత్తున గీచిన గోళ్ళ చారలు మరియొక గుర్తు. పొదలపై చిమ్మిన మూత్రపు ఘాటు వాసన ఇంకొకటి. ఈ చోటు తనదని తెలుపుటకు పులి వ్రాసికొను పత్రములు ఇవియే.

చెవితో చదువదగిన జాడలును కలవు. కొండముచ్చు చెట్టుకొమ్మపై కూర్చుండి దూరము చూచును. దాని క్రింద దుప్పులు మేయుచుండును. కొండముచ్చులు తెంపి పడవేసిన ఆకులు, కాయలు దుప్పులకు ఆహారము. దుప్పుల ముక్కునకు తగిలిన వాసన కొండముచ్చులకు హెచ్చరిక. పులి పొడ తెలిసినచో కొండముచ్చు కర్కశముగా దగ్గినట్లు అరచును. దుప్పి సన్నగా, పదునుగా కూయును. ఈ రెండింటికంటె నమ్మదగినది కణితి కూత. కణితి ఊరక అరచు జంతువు కాదు. తోక నిక్కించి, ముందుకాలితో నేలను తన్ని, కొమ్ముబూర నొక్కసారి ఊదినట్లు అది కూసినదనిన, పులియో చిరుతయో రేసుకుక్కలో దరిదాపుల నున్నవని తెలిసికొనవలెను. అప్పుడు బండి నాపి, మాటలు మాని కూర్చున్నవానికి అదృష్టమున్నచో పులి కనబడవచ్చును. కనబడకున్నను, అది ఎచ్చట నున్నదో ఏ వైపు పోవుచున్నదో చెట్ల మీదుగా సాగిపోవు ఆ కూతలే చెప్పును.

ఇంతకు పులి ఒక్కటి బ్రతుకుటకు ఏమి కావలెను? ఒక పులికి ఏడాదికి సుమారు ఏబది దుప్పులంత ఆహారము కావలెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వారమునకు ఒకటి అనుకొనవచ్చును. ఏబది దుప్పులను పులి తినిపోయినను మంద తరుగకుండవలెనన్నచో, ఆ మంద పదిరెట్లయినను ఉండవలెను. కాబట్టి ఒక పులి వెనుక అయిదువందల దుప్పులు, కణుతులు, అడవిపందులు, మనుబోతులు నిలిచి యుండవలెను. వానికి గడ్డి కావలెను, ఆకు కావలెను, ఎండకాలమున నీరు కావలెను. పులి వేట అంత సులభమైనదియు కాదు. పొంచి పొంచి దూకిన పది సార్లలో తొమ్మిది సార్లు దుప్పియే తప్పించుకొని పోవుననుట అతిశయోక్తి కాదు. పులిని క్రూరమృగమని చెప్పుకొనుట వాడుక. ఆకలిగొన్న మృగమని చెప్పినచో సత్యమునకు దగ్గరగా నుండును.

నల్లమలలో చైత్ర వైశాఖములు కఠినమైన మాసములు. టేకు, మద్ది, చిరుమాను, తునికి, మోదుగ మొదలగు చెట్లు ఆకు రాల్చి మోడులై నిలుచును. వాగులు ఎండును. కొండచరియలో అచ్చటచ్చట ఊటనీరు మాత్రము మిగులును. అప్పుడు అడవిశాఖవారు నేలలో పళ్ళెమువలె చదునైన సిమెంటు తొట్లను కట్టి నీరు నింపుదురు. కొన్ని చోట్ల సూర్యరశ్మితో నడచు పంపులు నీటిని తోడుచుండును. ఒకే తొట్టివద్దకు వేకువను నెమలి, పగటివేళ దుప్పి, మునిమాపున ఎలుగు, రాత్రి పులి వచ్చును. వేళలను పంచుకొనుటలో వానికి తగవు లేదు, లేదా బలవంతునిదే వేళ.

ఆ మాసములందే అగ్నిభయము. మోకాలిలోతు ఎండుటాకులలో ఒక బీడీముక్క పడినచో చాలును. ఇప్పపూవు ఏరుటకు నేల శుభ్రమగునని చెట్టుక్రింద పెట్టిన మంట, తునికాకు బాగుగా చిగురించునని అంటించిన మంట కొండకొండకును ప్రాకును. దుప్పి పరుగెత్తి తప్పించుకొనును. నేలమీద గూడు కట్టిన పక్షి గ్రుడ్లు, తాబేలు, ముళ్ళపంది పిల్ల ఎచ్చటికి పోవును? బాటవెంట అడుగడుగునను చీపుర్లతో ఆకును ఊడ్చి వెడల్పైన ఖాళీపట్టెలు చేయుచుండు కూలీలు కనబడుదురు. యాత్రికులు వారిని చూచి బాట శుభ్రము చేయుచున్నారని అనుకొందురు. వారు చేయుచున్నది అగ్నికి ఎల్ల గీయుట.

పులి మాటయే చెప్పుచు చిన్న జంతువును మరచుట తగదు. మూషికజింక అనునది కుందేలంత యుండును. కొమ్ములు లేవు. సన్నని కాళ్ళపై వంగి, పగలు దాగి, రాత్రి పండ్లు ఏరుకొని తినును. ఇది అడవులలో అరుదైపోగా, హైదరాబాదు జంతుప్రదర్శనశాలవారును, కణజీవశాస్త్ర పరిశోధనాలయమువారును కలిసి 2010లో కొన్నిటిని పెంచసాగిరి. సంతానము పెరిగిన పిమ్మట 2017లో కొన్నిటిని తెచ్చి అమ్రాబాదు అడవిలో విడిచిరి. నగరములో పుట్టి అడవికి పోయిన జంతువులు ఇవి. పులిని చూడవచ్చిన యాత్రికులలో వీనిని గూర్చి అడుగువారు మిక్కిలి తక్కువ.

ఈ అడవి మనుష్యులు లేనిది కాదు. చెంచులు తరతరములుగా ఇచ్చటి పెంటలలో నివసించుచున్నారు. పెంట యనగా చెంచుల చిన్న పల్లె. తేనె, జిగురు, అడవిగడ్డలు, పండ్లు వారికి జీవనాధారము. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడిన కథయు, శ్రీశైల మల్లికార్జునుని చెంచు మల్లన్నగా తలచుటయు తెలుగువారు ఎరిగినవే. హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుడు నిజాము రాజ్యమున వారి నడుమ నివసించి, వారి జీవితమును గూర్చి 1943లో ఒక గ్రంథము ప్రకటించెను. నేడు పులి అడుగులను వెదకువారిలోను, అడవిలోని కావలి శిబిరములలో రేయింబవళ్ళు తిరుగువారిలోను చెంచు యువకులు పెక్కుమంది కలరు. విద్యాలయములో నేర్పని చదువు అది. చిన్ననాటనే తండ్రివెంట నడచి నేర్చినది.

అయినను వారిని గూర్చియే ఒక చిక్కుప్రశ్న కలదు. పులులు నిలిచియుండు నడిమి అడవిలో మనుష్యులు లేకుండుట మేలని ఒక వాదము. స్వచ్ఛందముగా వెలుపలికి వచ్చు కుటుంబమునకు 15 లక్షల రూపాయల పరిహారము ఇచ్చు ఏర్పాటు కలదు. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము ప్రకారము వారి అంగీకారము లేనిదే ఎవరిని కదిలింపరాదు. కొందరు పాఠశాల, వైద్యశాల, బాట దగ్గరగా నుండునని సమ్మతింతురు. కొందరు అడవి విడిచిన చెంచు నీరు విడిచిన చేప యగునని అందురు. రెండు మాటలలోను సత్యము కలదు. కాని చెంచులు ఎన్నో తరములు నివసించిన తరువాత కూడ పులి ఇచ్చట మిగిలియున్నదను విషయమును తూకమున వేయక తీర్పు చెప్పుట న్యాయము కాదు.

పులి తరుగుటకు కారణము పెంటలు కావు. తుపాకి వేట, చర్మము ఎముకల వర్తకము, అడవిని నరికి చేసిన పొలములు దానిని తరిమివేసినవి. 1972లో దేశమున మొదటిసారి లెక్కించినపుడు 1,827 పులులు తేలినవి. ఆ ఏడే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1973 ఏప్రిల్ 1వ తేదీన తొమ్మిది అడవులతో పులుల సంరక్షణ పథకము ఆరంభమైనది. సింహమునకు బదులు పులి జాతీయమృగమైనదియు ఆ సంవత్సరముననే. ఇంత చేసినను, 2005 నాటికి రాజస్థానములోని సరిస్కా అభయారణ్యమున ఒక్క పులియు మిగులలేదని తెలిసి దేశము ఉలికిపడినది. అంతవరకు అడుగుల అచ్చులను చూచి లెక్కించెడివారు. ఒకే పులి అడుగు రెండుచోట్ల రెండుగా లెక్కకు వచ్చుట సులభము. అప్పటినుండి పద్ధతి మారినది. బాటకు ఇరుప్రక్కల ఎదురెదురుగా రెండు కెమెరాలను చెట్లకు కట్టుదురు. పులి నడచినపుడు రెండు ప్రక్కలను బొమ్మలు పడును. ఏ రెండు పులుల చారలును ఒకటిగా నుండవు. ఒకే పులి కుడిప్రక్క చారలు ఎడమప్రక్క చారలవలె నుండవు. అందుచేత రెండు కెమెరాలు. ఈ రీతిని 2006లో 1,411గా తేలిన సంఖ్య 2022 నాటికి 3,682కు చేరినది. ప్రపంచమునందలి అడవిపులులలో నూటికి డెబ్బదికి పైగా భారతదేశముననే కలవు. ఆంధ్రప్రదేశమున 63 లెక్కకు వచ్చినవి. వానిలో ఎక్కువభాగము నల్లమలవే.

అడవికి ఇతర ఆపదలును లేకపోలేదు. అమ్రాబాదు నేలలో యురేనియము కొరకు వెదకు ప్రయత్నము జరుగగా ప్రజలు ఎదిరించిరి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానిని కాదని తీర్మానించెను.

మరి ఈ అడవిలో ఏనుగులు కలవా? అమ్రాబాదునకు వచ్చు బాలురు తప్పక అడుగు ప్రశ్న ఇది. లేవు. పోతన గజేంద్రమోక్షమును చదివిన తెలుగు బాలునికి అడవి యన్నంతనే ఏనుగుల గుంపు, మడుగు తలపునకు వచ్చుట సహజము. కాని అడవి ఏనుగులను చూడగోరినచో ఇచ్చటినుండి దక్షిణముగా, ఆంధ్రప్రదేశపు కొసన నున్న చిత్తూరు జిల్లాకు పోవలెను. పలమనేరు, కుప్పము ప్రాంతముల నడుమ తమిళనాడు, కర్ణాటక రాష్ట్రముల సరిహద్దును ఆనుకొని కౌండిన్య అభయారణ్యము కలదు. కౌండిన్యనది పేరే దానికి పెట్టిరి. 1990లో ఏర్పడిన ఈ అభయారణ్యము వైశాల్యము సుమారు 358 చదరపు కిలోమీటర్లు. అమ్రాబాదులో ఏడవ వంతు మాత్రమే! జంతువులలో పెద్దదానికి చిన్న అడవి దొరికినది. కథయంతయు అచ్చటనే మొదలైనది.

ఆ ప్రాంతమున పూర్వము ఏనుగులు ఉండెడివనుటకు ఊళ్ళ పేర్లే సాక్ష్యము. హార్సిలీ కొండకు పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మను ఏనుగులు పోషించినవని స్థలకథ. శ్రీకాళహస్తి పేరులో ‘హస్తి’ శివుని పూజించిన ఏనుగే. ఆ పిమ్మట ఏనుగులు పేర్లలో మిగిలి అడవిలో లేకుండ పోయినవి. సుమారు రెండువందల సంవత్సరములు అట్లు గడచిన తరువాత, 1980 దాటిన సంవత్సరములలో పొరుగు రాష్ట్రముల అడవులనుండి కొన్ని ఏనుగులు తమంతట తాము నడచి వచ్చినవి. అచ్చట కరవు, మేత తరిగినది, గనులు, పొలములు, బాటలు వాని త్రోవలను ముక్కలు చేసినవి. అవి ఇచ్చట నిలిచి పిల్లలను కన్నవి. వానిని కాపాడుటకే కౌండిన్య అభయారణ్యము పుట్టినది. 2003లో ఆ ప్రాంతమును కలుపుకొని 766 చదరపు కిలోమీటర్లతో రాయల ఏనుగుల సంరక్షణ ప్రాంతమును ప్రకటించిరి.

ఏనుగు రోజునకు సుమారు 150 కిలోల మేత తినును. నూరు లీటర్లకు పైగా నీరు త్రాగును. దినములో పదునారు గంటలు మేయుటకే సరిపోవును. తిన్నదానిలో సగమైనను జీర్ణము కాదు. ఆ పేడలోని గింజలు మైళ్ళదూరమున మొలచును. ఏనుగు నడచినచోట అడవి మొలచుననుట కవి కల్పన కాదు. గుంపునకు పెద్దది ఒక ముసలి ఆడుఏనుగు. ఏ కరవులో ఏ వాగున నీరుండెనో దానికి జ్ఞాపకము. ఇరువది రెండు మాసములు మోసి ఒక్క పిల్లను కనును. మగవి యౌవనమున గుంపు విడిచి ఒంటరిగా తిరుగును. మన దేశపు ఏనుగులలో దంతములు పైకి కనబడునవి మగవానికే. దంతములు లేని మగఏనుగులును కలవు. వర్తకులు దంతము కొరకు మగవానిని చంపుట ఇందుచేతనే.

అంత పెద్ద శరీరము నడచినను చప్పుడు కాదు. అడుగు క్రింద మెత్తని దిండువంటి కండ కలదు. తడినేలపై పడిన ముందుకాలి గుర్తు చుట్టును ఒక దారముతో కొలిచి, ఆ కొలతను రెట్టింపు చేసినచో ఏనుగు భుజమువరకు గల ఎత్తు ఇంచుమించుగా తెలియును. గుర్తు చుట్టుకొలత నాలుగు అడుగులైనచో ఏనుగు ఎనిమిది అడుగుల ఎత్తరి. మావటీలు పాఠశాలకు పోకయే ఈ గణితమును ఎరుగుదురు.

పులి ఆకలి అడవిలోనే తీరును, అడవి బాగుగా నున్నంతకాలము. ఏనుగు ఆకలి 358 చదరపు కిలోమీటర్లలో తీరదు. అడవి అంచున రైతు చెరకు వేసినాడు. రాగి, వరి, అరటి వేసినాడు. మామిడి కాచినది. అడవిలో దినమంతయు తిరిగి తెంపుకొనవలసిన మేత పొలములో ఒక గంటలో దొరకును. ఏనుగునకు ఇది దొంగతనమని తెలియదు. కాని నాలుగు మాసములు నీరు పెట్టి, అప్పు తెచ్చి ఎరువు వేసిన చేను తెల్లవారునప్పటికి తొక్కుడుబడి యుండుట చూచిన రైతునకు ఆ మాట చెప్పి ఓదార్చుట ఎవరి తరము? ప్రభుత్వము ఇచ్చు పరిహారము వచ్చును. అది వచ్చునాటికి మరియొక పంట పోయి యుండుటయు కలదు.

రైతులు మంచెలపై మేలుకొని డప్పులు వాయించిరి, టపాకాయలు కాల్చిరి. కందకములు త్రవ్విరి, ఏనుగులు మట్టిని కాలితో త్రోసి పూడ్చినవి. సూర్యశక్తితో పనిచేయు కంచెలు వేసిరి. ఆ కరెంటు చురుక్కుమనిపించునే గాని చంపదు. తీగను ముట్టక గుంజలను పడద్రోసినచో సరిపోవునని ఏనుగులు నేర్చినవి. కొందరు తెంపరులై ఇంటి కరెంటును నేరుగా తీగలకు తగిలించిరి. దానితో ఏనుగులు చచ్చినవి. తెలియక ఆ త్రోవను నడచిన మనుష్యులును చచ్చిరి. అది చట్టమునకు విరుద్ధము. 2025లో కర్ణాటక రాష్ట్రము శిక్షణ పొందిన ఏనుగులను ఆంధ్రప్రదేశమునకు ఇచ్చినది. పలమనేరు చెంత ముసలిమడుగు శిబిరమున వానిని ఉంచిరి. వీనిని కుంకీలు అందురు. అడవి ఏనుగు పొలమున దిగినపుడు ఇవి ఎదురు నిలిచి దానిని మరల అడవివైపు త్రోయును. ఏనుగునకు ఏనుగే నచ్చజెప్పుట అన్నమాట.

అమ్రాబాదును చూచునట్లు కౌండిన్యను చూడరాదు. అమ్రాబాదులో వానకాలమున నడిమి అడవిని మూయుదురు. తక్కిన మాసములలో అడవిశాఖవారి బండిలో, దారి చూపువాని వెంట పోవచ్చును. ముదురు రంగుల బట్టలు కాక మట్టిరంగు బట్టలు కట్టుట, అత్తరు పూసికొనకుండుట, కోతులకు తిండి వేయకుండుట, ప్లాస్టిక్ సంచి ఒక్కటియు విడువకుండుట చాలును. శ్రీశైలపు బాటవెంట యాత్రికులు వేయు అరటిపండ్లకు అలవాటుపడిన కోతులు బండ్ల క్రింద పడి చచ్చుట నిత్యము కనబడునదే; అది దయ కాదు. కౌండిన్యలోనైతే అధికారుల అనుమతి లేక అడుగు పెట్టరాదు, కాలినడకను బొత్తిగా పోరాదు. కైగలు జలపాతమును చూచి, ఊరివారు ఏనుగులు ఏ దిక్కున నున్నవని చెప్పుదురో విని, సంజ వాలకముందే మరలవలెను. ఒంటరి మగఏనుగు ఎదురైనచో బొమ్మ తీయుటకు నిలిచినవాడు తెలివిగలవాడు కాడు. 2025 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లా అడవిబాటన శివదర్శనమునకు రాత్రివేళ నడచిపోవుచున్న భక్తులపై ఏనుగులు పడగా కొందరు ప్రాణములు కోల్పోయిరి. త్రోవ భక్తులకు ఎంత పాతదో ఏనుగులకును అంత పాతదే కావచ్చును.

ఏనుగుల బాటలు ఇంకను కొత్తచోట్లకు సాగుచున్నవి. 2024 ఏప్రిల్ నెలలో ఒక ఒంటరి మగఏనుగు మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవులనుండి ప్రాణహితనది దాటి తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో అడుగు పెట్టెను. ఏనుగు వచ్చినపుడు ఏమి చేయవలెనో ఆ పల్లెలవారు ఎరుగరు. వారి తాతలును ఎరుగరు. రెండు దినములలో ఇద్దరు రైతులు పొలముల చెంత దానికి బలియైరి. పల్లెలలో చాటింపు వేయించి, బడులు మూయించి, అధికారులు దాని జాడ వెదకుచుండగా అది వచ్చిన త్రోవనే నది దాటి పోయినది. కాగజ్‌నగరము పరిసరములందలి ఆ అడవికి కొన్ని సంవత్సరములుగా మహారాష్ట్రలోని తాడోబానుండి పులులును నడచి వచ్చుచున్నవి, పిల్లలను కనుచున్నవి. ఆ వేసవిలో ప్రాణహిత ఒడ్డు ఇసుకలో పులి అడుగులను వెదకుటకు అలవాటుపడిన కావలివారు, చేటంత వెడల్పైన గుండ్రని గుర్తుల చుట్టును తొలిసారి దారము పట్టి కొలిచిరి.